సామాజిక సేవా ప్రాజెక్టు: కృష్ణా దిగువ డెల్టాలో ఊరిని చదివే నాలుగు క్రెడిట్లు

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీలో చేరిన ప్రతి విద్యార్థీ మొదటి ఏడాది చివర, రెండో సెమిస్టరు అయ్యాక, వేసవి సెలవుల్లో ఒక ఊళ్లోనో పట్టణ వార్డులోనో కనీసం 180 గంటలు పని చేయాలి. అధ్యాపకుడి పర్యవేక్షణలో ఆ పని పూర్తయితే మార్కుల జాబితాలో నాలుగు క్రెడిట్లు చేరతాయి. దీని పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. తెలుగు కాగితాల్లో సామాజిక సేవా ప్రాజెక్టు అని రాస్తారు. కాలేజీ వరండాల్లో మాత్రం అది ఉత్త ‘సీఎస్‌పీ’. రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21లో డిగ్రీ పాఠ్యప్రణాళికను సవరించినప్పుడు బీఏ, బీకాం, బీఎస్సీ అన్న తేడా లేకుండా దీన్ని అందరికీ తప్పనిసరి చేసింది.

పేరులో సేవ ఉన్నా పనిలో పాలు ఎక్కువ సమాజశాస్త్రానిదే. ప్రాజెక్టు మొదలయ్యేదే ఇంటింటి సర్వేతో. ఆ సర్వే పత్రాన్ని సాంఘిక శాస్త్రాల అధ్యాపకుల సాయంతో తయారు చేసుకోవాలని మార్గదర్శకాలు చెబుతాయి. సోషియాలజీ పుస్తకం ఎన్నడూ తెరవని కంప్యూటర్ విద్యార్థి, జమాఖర్చులు తప్ప వేరే ఊసు లేని కామర్స్ విద్యార్థి కూడా ఎనిమిది వారాల పాటు కుటుంబం, కులం, వృత్తి, అప్పు, వలస అనే అధ్యాయాల గుండా నడిచి రావాల్సిందే. సోషియాలజీ అన్న సబ్జెక్టే లేని కాలేజీలోకి కూడా ఆ శాస్త్రం ఇలా దొడ్డిదారిన ప్రవేశించింది.

కృష్ణా దిగువ డెల్టాలో ఈ ప్రాజెక్టుకు కేంద్రం మచిలీపట్నం, వాడుకలో బందరు. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ప్రాంగణం బందరు శివారు రుద్రవరంలో ఉంది. బందరు హిందూ కళాశాల, గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు పేర వెలసిన కళాశాల, అవనిగడ్డ చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలు ఈ విశ్వవిద్యాలయం పరిధిలోనివే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, కైకలూరు ఏలూరు జిల్లాలోకి వెళ్లాక, కృష్ణా జిల్లా అంటే ప్రధానంగా ఈ పల్లపు డెల్టాయే మిగిలింది.

గంటల లెక్క

సవరించిన ప్రణాళికలో మూడేళ్ల డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ ఉంది. మొదటి వేసవిలో రెండు నెలల సామాజిక సేవ, రెండో వేసవిలో రెండు నెలల చిన్న ఇంటర్న్‌షిప్, చివర్లో ఒక సెమిస్టరు మొత్తం పెద్ద ఇంటర్న్‌షిప్. ఇంజనీరింగ్ వాళ్లకూ ఇలాంటి సేవా ప్రాజెక్టు పెట్టారు కానీ ఈ వ్యాసం డిగ్రీ కాలేజీలకే పరిమితం.

180 గంటలను నాలుగు క్రెడిట్లతో భాగిస్తే క్రెడిట్‌కు 45 గంటలు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022 చివర్లో ప్రకటించిన క్రెడిట్ల చట్రంలో తరగతి బోధనకు 15 గంటలు ఒక క్రెడిట్ అయితే, క్షేత్ర పనికి 30 గంటలు ఒక క్రెడిట్. ఆ కొలతతో చూస్తే మన విద్యార్థి ఒక్కో క్రెడిట్‌కు సగం ఎక్కువ చెమటోడుస్తున్నాడు. ఎనిమిది వారాలకు పంచితే వారానికి ఇరవై రెండున్నర గంటలు, ఆరు రోజులు తిరిగితే రోజుకు నాలుగు గంటలకు కాస్త తక్కువ. మే నెల బందరు ఎండలో ఈ నాలుగు గంటలూ ఎక్కడ సర్దాలన్నది పుస్తకంలో ఉండదు. పొద్దున తొమ్మిది లోపు రెండు గంటలు, సాయంత్రం అయిదు దాటాక రెండు గంటలు తప్ప వేరే దారి లేదు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం ఫారం పట్టుకుని గడప ఎక్కితే ముందు మంచినీళ్లిచ్చి, తర్వాత కేకలేస్తారు.

తరగతినో సెక్షన్‌నో ఒక అధ్యాపకుడికి అప్పగిస్తారు. ఆయనో ఆవిడో మెంటర్. విద్యార్థులు కొందరు జట్టుగా ఒక ఊరినో వార్డునో తీసుకుంటారు, ఒంటరిగా ఒక్కరు తీసుకున్నా అభ్యంతరం లేదు. ఊరు విద్యార్థి ఉండే చోటుకు దగ్గరగా, సాయంత్రానికి ఇల్లు చేరేలా ఉండాలి. ప్రతి విద్యార్థీ లాగ్‌బుక్ రాయాలి, దాని మీద మెంటర్ సంతకం పెట్టాలి. క్రమం ఇది: ప్రాథమిక సర్వే, సర్వేలో తేలిన అవసరాన్ని బట్టి అవగాహన కార్యక్రమాలు, వాటితో పాటు వ్యవసాయం, ఆరోగ్యం, మత్స్య, పశుసంవర్థక, విపత్తు నిర్వహణ వంటి ప్రభుత్వ శాఖల్లో ఒకదానితో కలిసి పని, ఆఖరి వారం నివేదిక. చిన్న ప్రాజెక్టు రిపోర్టు ఎవరిది వారే సమర్పించాలి. ప్రిన్సిపాల్ నియమించిన కమిటీ మౌఖిక పరీక్ష చేస్తుంది.

ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ, రెడ్ రిబ్బన్ క్లబ్బు కార్యక్రమాలనే తిరగేసి దీనికింద చూపకూడదన్న నియమం కూడా ఉంది. ఆ ఒక్క వాక్యం వెనక చాలా చరిత్ర ఉంది.

స్లేటర్ సెలవులు, శామీర్‌పేట, ఉప్పెన

విద్యార్థిని సెలవుల్లో తన ఊరికే పరిశోధకుడిగా పంపడం మన డెల్టాకు కొత్త కాదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా 1915లో వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులకు ఒక ప్రశ్నావళి ఇచ్చి, సెలవుల్లో సొంత ఊళ్లను సర్వే చేసి రమ్మన్నాడు. ఆ నివేదికలు 1918లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఊనగట్ల ఉంది. ఇవాళ గోదావరి ప్రాంతంలో లెక్కించే ఆ ఊరు అప్పట్లో కృష్ణా జిల్లాలోది, దాని జిల్లా కేంద్రం బందరే. 1936–37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ ఆ పుస్తకంలోని ఊళ్లలో కొన్నిటిని తిరిగి సర్వే చేయించి 1940లో ఇంకో పుస్తకం వేశారు. మొదటి సర్వే చేసినవాడు కుర్రవాడైనా సరే, పద్ధతిగా రాసి ఉంచితే ఇరవై ఏళ్ల తర్వాత పోల్చి చూడటానికి పనికొచ్చింది. 1926లో ఎన్.జి. రంగా డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకం రాశారు. సంక్షేమ పథకాలు పుట్టకముందే ఇక్కడ ఊరి లెక్కలు రాసే అలవాటు ఉందని చెప్పడానికి ఇవి చాలు.

బందరులో మరో పాయ కూడా ఉంది. రాబర్ట్ నోబుల్ 1843లో పెట్టిన మిషన్ బడి పెరిగి నోబుల్ కాలేజీ అయింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. చదువుతో పాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం వంటి చేతిపనులు నేర్పడం దాని ప్రత్యేకత. చిత్రకారుడు ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడ బోధించాడు, అడివి బాపిరాజు అక్కడ నేర్చాడు. సర్కారు పట్టా మోజును కాదనుకుని పుట్టిన సంస్థలో చేతిపనికి క్రెడిట్ కట్టాలన్న ఆలోచన ఎవరికీ వచ్చి ఉండదు. నూరేళ్లు గడిచాక అదే ఊరి విశ్వవిద్యాలయం ఊరిపనికి పాయింట్లు వేస్తోంది. ఇది దిగజారుడు అనేవాళ్లున్నారు. నాకలా అనిపించదు. లెక్కలోకి రాని పనిని కాలేజీ టైమ్‌టేబుల్ ఎప్పుడూ మింగేస్తుంది.

సేవనూ సమాజశాస్త్రాన్నీ కలిపి తెలుగు నేల మీద చేసిన పనుల్లో పేరు మోసినది హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటలో జరిగింది. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయం సోషల్ సర్వీస్ ఎక్స్‌టెన్షన్ ప్రాజెక్టు కింద వైద్యం, పశువైద్యం, వ్యవసాయం, విద్య వంటి విభాగాల వాళ్లను ఆ ఊరికి తీసుకెళ్లింది. వాళ్లు ఊరికి చేయగలిగింది చేస్తూనే వివరాలు సేకరించారు. ఆ సమాచారం ఆధారంగా శ్యామాచరణ్ దూబే రాసిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడి దేశమంతా సమాజశాస్త్ర విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. మందు ఇచ్చే చెయ్యి, నోటు రాసుకునే చెయ్యి ఒకే బృందంలో ఉండటం దాని బలం. మందు ఇచ్చేవాళ్లకు జనం తలుపు తీస్తారు కదా.

దేశం మొత్తానికి ఒక సేవా పథకం కావాలన్న చర్చ కూడా అప్పుడే నడిచింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ కమిటీ విద్యార్థులకు నిర్బంధ జాతీయ సేవ ఉండాలంది. ఇతర దేశాల అనుభవం చూసి వచ్చిన కె.జి. సయ్యిదైన్ నిర్బంధం వద్దు, స్వచ్ఛందమే మేలన్నాడు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ సేవను చదువులో భాగం చేయమంది. చివరికి గాంధీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. అదే ఎన్‌ఎస్‌ఎస్. రెండేళ్లలో 240 గంటలు, ఒక ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. వెళ్లేవాడు వెళ్తాడు, వెళ్లనివాడు వెళ్లడు. నిర్బంధమా, ఇష్టమా అన్న ఆ పాత తగవులో ఎన్‌ఎస్‌ఎస్ సయ్యిదైన్ పక్షం. సీఎస్‌పీ వచ్చి ఆలస్యంగా దేశ్‌ముఖ్ పక్షాన్ని గెలిపించింది.

అయితే ఈ ప్రాంతంలో సేవ అన్న మాటకు అర్థం చెప్పింది కమిషన్లు కావు, ఉప్పెన. బందరు 1864 నవంబరులో ఒకసారి సముద్రంలో మునిగింది. అప్పుడు పోయినవాళ్లు సుమారు 30,000 మంది అంటారు. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ మీదికి వచ్చిన అల సుమారు అయిదు మీటర్లు. అధికారిక లెక్కల్లోనే మృతులు దాదాపు పదివేలు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి పేర్లు ఆ వారంలోనే రాష్ట్రమంతటికీ తెలిశాయి. సైన్యం, స్వచ్ఛంద సంస్థలు, విద్యార్థులు దిబ్బల మధ్య కుళ్లుతున్న కళేబరాల్ని తీశారు. ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లో విరాళాలు సేకరించారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకటకృష్ణారావు సహాయ పనులకు అంటిపెట్టుకుని ఉన్నారు. ఆ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు లేచాయి, కొత్త కాలనీలు వెలిశాయి. 1990 మే 9న దాదాపు అంత బలమైన తుపాను ఇదే డెల్టాను తాకినప్పుడు మృతులు వెయ్యి లోపే. ముందే జనాన్ని తరలించడం ఆ తేడాకు పెద్ద కారణం.

ఈ తేడాలో సమాజశాస్త్రం ఉంది. హెచ్చరిక వినపడినా ఎవరు కదలలేదు, ఎందుకు కదలలేదు, గొడ్డూగోదా వదిలి వెళ్లనిది ఎవరు, షెల్టర్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోలేదు: ఇవి వాతావరణ శాఖ చెప్పగలిగిన సంగతులు కావు. దివిసీమలో సీఎస్‌పీ చేసే విద్యార్థి విపత్తు నిర్వహణ అన్న అంశం ఎంచుకుంటే అతని ఇంట్లోనే సాక్షి ఉండొచ్చు. 1977లో పదేళ్ల పిల్లవాడికి ఇప్పుడు దాదాపు అరవై. ఆ తరం ఇంకా మాట్లాడగలిగినంత కాలమే ఆ అవకాశం.

వేసవి ఊరు, అసలు ఊరు

ఈ ప్రాజెక్టుకు ఉన్న పెద్ద చిక్కు ఏ సూచనపత్రంలోనూ కనిపించదు. అది క్యాలెండరులో ఉంది. మొదటి బ్యాచికి కొవిడ్ వల్ల సెమిస్టర్లే తారుమారయ్యాయి కాబట్టి వాళ్ల సంగతి వేరు. మామూలుగా అయితే సర్వే వేసవిలో జరుగుతుంది. కృష్ణా డెల్టా వేసవిలో కనిపించే రూపం వేరు, జూన్ తర్వాత కనిపించే రూపం వేరు.

తీరం సంగతి చూడండి. తూర్పు కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. గిలకలదిండి రేవులో, నాగాయలంకలో బోట్లు ఒడ్డున కట్టేసి ఉంటాయి. మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ, చెట్లకింద పేకాడుతూ ఊళ్లోనే దొరుకుతారు. విద్యార్థికి ఇది వరం, ఎందుకంటే మిగతా ఏడాదిలో వాళ్లను ఇంటి దగ్గర పట్టుకోవడం కష్టం. కానీ అదే సమయంలో ‘ఈ నెల ఆదాయం ఎంత’ అని అడిగితే వచ్చే జవాబు పన్నెండు నెలల బతుకుకు అద్దం పట్టదు. సున్నా అని రాసుకుంటే అబద్ధం, నిషేధ కాలానికి సర్కారు ఇచ్చే భృతి మొత్తం రాసుకుంటే ఇంకో అబద్ధం. అప్పు అడగాలి. వేట లేని రెండు నెలల్లో ఎవరి దగ్గర తెచ్చుకున్నారు, వేట మొదలయ్యాక చేపలు ఎవరికి వేయాలి అన్న రెండు ప్రశ్నలతో పాలెం ఆర్థికం సగం బయటపడుతుంది.

పొలం వైపు వస్తే, వరి కోసిన మాగాణిలో చల్లిన మినుము కూడా అప్పటికి ఇల్లు చేరిపోయి ఉంటుంది. కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊరి మంచినీటి చెరువు నింపుకోవాలి, ఆ చెరువే జూన్ దాకా ఆధారం. కోడూరు, నాగాయలంక, బందరు మండలాల శివారు ఊళ్లలో భూగర్భ జలం ఉప్పు. బోరు వేస్తే ఉప్పునీళ్లే పడతాయి. అందుకే వేసవి సీఎస్‌పీకి ఈ ప్రాంతంలో సహజంగా దొరికే అంశం మంచినీళ్లు. చెరువు ఎప్పుడు నిండింది, గట్టు ఎవరు కాపలా కాస్తారు, ఫిల్టర్ బెడ్లు పనిచేస్తున్నాయా, డబ్బా నీళ్లు కొనేదెవరు, కొనలేనిదెవరు, ఆ నీళ్లు మోసేది ఇంట్లో ఎవరు. ఒక్క చెరువు చుట్టూ ఊరంతా తిరుగుతుంది. దీని మీద ఎనిమిది వారాలు గడిపిన విద్యార్థికి వర్గం, లింగవివక్ష అన్న మాటల్ని మళ్లీ నిర్వచించి చెప్పక్కర్లేదు.

గుడివాడ వైపు చిత్రం వేరు. రైసు మిల్లుల పట్టణం అది. నందివాడ మండలం దిక్కు పోతే వరిపొలాలు చేపల చెరువులుగా మారిన విస్తీర్ణం కళ్లకు కడుతుంది. వరికి కావాల్సినంత మంది కూలీలు చెరువుకు అక్కర్లేదు. ఊడ్పులకూ కోతలకూ వెళ్లిన ఆడకూలీల పనిదినాలు ఏమయ్యాయన్న ప్రశ్నకు జవాబు ఊరూరికీ మారుతుంది. ఇంకోటి కౌలు. డెల్టాలో పొలం ఉన్నవాడు దున్నేవాడు కాకపోవడం మామూలు. సర్వే పత్రంలో ‘సొంత భూమి ఎన్ని ఎకరాలు’ అని మాత్రమే ఉంటే నాలుగెకరాలు కౌలుకు చేస్తున్న రైతు ‘భూమి లేనివాడు’ అయిపోతాడు, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న యజమాని ‘రైతు’ అయిపోతాడు. రాష్ట్రం 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చింది, దానికింద కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇవ్వాలి. యజమాని సంతకం పెట్టాలి కనుక ఆ పత్రం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ అని అడగడంతో సరిపోదు, ఎందుకు లేదో అడగాలి.

పెడనలో సర్వే చేసే విద్యార్థులకు మగ్గాలు, కలంకారీ అచ్చులు. కలంకారీ అద్దకానికి కరక్కాయ, పటిక, పారే నీరు కావాలి. కాలువ కట్టేసిన నెలల్లో ఉతుకు పని ఎలా సాగుతుందన్న ప్రశ్న వేసవిలోనే అడగాలి, ఇక్కడ మాత్రం క్యాలెండరు విద్యార్థి పక్షాన ఉంది. బందరు, చిలకలపూడి వీధుల్లో రోల్డ్ గోల్డ్. రాళ్లు అతికించడం, గొలుసులు కూర్చడం వంటి పనులు ఇళ్లకే వస్తాయి, చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. ‘మీరేం చేస్తారమ్మా’ అని అడిగితే ‘ఏం లేదు, ఇంట్లోనే ఉంటా’ అంటారు, ఒళ్లో పళ్లెం నిండా రాళ్లు పెట్టుకుని. ‘వృత్తి: గృహిణి’ అని రాసుకుని పోతే పరిశ్రమలో సగం మాయమైపోతుంది. ‘నిన్న పొద్దుట్నుంచీ ఏం చేశారు, గంట గంటకీ చెప్పండి’ అని అడిగితే బయటికొస్తుంది. సమాజశాస్త్రంలో దీన్ని కాల వినియోగ సర్వే అంటారు. ఆ పేరు తెలియకుండానే ఆ పద్ధతి నేర్చుకోవడానికి బందరు కంటే మంచి బడి లేదు.

‘ఎవరబ్బాయివి?’

డెల్టా ఊళ్లో సర్వేకు వెళ్లినవాడు అడిగే మొదటి ప్రశ్న కంటే ముందే అతనికి ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఎవరబ్బాయివి? ఊరు ముందు సర్వేయరును సర్వే చేస్తుంది. తండ్రి పేరు చెప్పగానే కులం, వీధి, పార్టీ, పొలం అన్నీ తేలిపోతాయి. ఆ తర్వాతే జవాబులు. పెద్దమ్మా, బాబాయ్ అని పిలిచి అరుగు మీద కూర్చోగలిగే విద్యార్థికి బయటి పరిశోధకుడికి దొరకని మాటలు దొరుకుతాయి. అదే విద్యార్థి ఊరి అవతలి పల్లెకు వెళ్లడానికి వెనకాడితే, లేదా వెళ్లినా నిలబడే రాసుకుని వచ్చేస్తే, నివేదికలో ఊరు సగమే ఉంటుంది. జట్టును వేర్వేరు వీధుల పిల్లలతో కూర్చడం మెంటర్ చేయగలిగిన పనుల్లో అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. దానికి పైసా ఖర్చు లేదు.

దగ్గరి ఊరే కావాలన్న నియమం కొన్ని చోట్ల మరో రకంగా పనిచేస్తుంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ వంటి లంక గ్రామాలున్నాయి. అక్కడికి నీళ్ల మీదే రాకపోకలు. అక్కడి నుంచి కాలేజీకి వచ్చే విద్యార్థి ఉంటేనే ఆ ఊరికి సీఎస్‌పీ చేరుతుంది. లేకపోతే రోడ్డు పక్క ఊళ్లకే మళ్లీ మళ్లీ జట్లు వెళ్తాయి.

జనం వేసే రెండో ప్రశ్న: ఏ పథకానికి? ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టులో యాభై ఇళ్లకు ఒకరు చొప్పున గ్రామ వాలంటీర్లు వచ్చారు, అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. తర్వాత ఆ వాలంటీర్ల వ్యవస్థ ఆగిపోయినా ఫారం పట్టుకుని తిరిగే కుర్రాడు అంటే పింఛను, ఇళ్లస్థలం, రేషను కార్డు అన్న అర్థం జనం మనసులో దిగబడిపోయింది. అందుకే ‘మీ పేరు ఎందులోనూ చేరదు, తీసేయడమూ ఉండదు, ఇది మా చదువు’ అని ముందే చెప్పడం మర్యాద కోసమే కాదు. పథకం అనుకుంటే జనం ఆదాయం తక్కువ చెబుతారు, కాపురాలు వేరు అంటారు. సేవకూ పరిశోధనకూ ఉమ్మడిగా ఉండే ఈ నీతి నియమాన్ని దేశదేశాల పరిశోధన శాఖలు ‘సమాచారంతో కూడిన సమ్మతి’ అంటాయి.

అప్పుల సంగతి, ఆడపిల్లల పెళ్లి వయసు, తాగుడు వంటి ప్రశ్నలు పద్దెనిమిదేళ్ల పిల్లలు అడగడం తేలిక కాదు. అడిగి తెచ్చిన జవాబు అదే సాయంత్రం రచ్చబండ మీద వినపడితే వచ్చే ఏడు ఆ ఇల్లు ఎవరికీ తలుపు తీయదు. లాగ్‌బుక్‌లో ఇంటి పేరు బదులు నంబరు రాయించడం ఇక్కడ అతి జాగ్రత్త కాదు.

బయట, పక్కన

సేవతో చదువు అన్న ఆలోచనకు అమెరికాలో ‘సర్వీస్ లెర్నింగ్’ అన్న పేరు 1967లో పెట్టారు, రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సే ఆ మాటను వాడుకలోకి తెచ్చినవాళ్లు. అంతకుముందు 1889లో షికాగోలో జేన్ ఆడమ్స్ స్థాపించిన హల్ హౌస్ నుంచి 1895లో వచ్చిన వీధి పటాల గ్రంథం సేవా కేంద్రమే సమాజశాస్త్ర సర్వే కేంద్రంగా మారిన తొలి ఉదాహరణల్లో ఒకటి. మెక్సికోలో పట్టా కావాలంటే కనీసం 480 గంటల సామాజిక సేవ చేయాలని చట్టమే ఉంది. అదే మెక్సికోలో 1968లో ఇవాన్ ఇల్లిచ్ అమెరికా విద్యార్థి సేవకుల ముందు నిలబడి, మీ మంచితనం మాకు అక్కర్లేదు, ఇంటికి పొండి అన్న ధోరణిలో మాట్లాడి గగ్గోలు పుట్టించాడు. భాష రాని, తిరిగి చూడని వాళ్ల సేవ ఊరికి బరువే అన్నది అతని వాదన. సొంత ఊళ్లో చేసే సీఎస్‌పీకి ఆ విమర్శ సూటిగా తగలదు కానీ అవగాహన సదస్సులకు తగులుతుంది. చేతులు కడుక్కోవడం మీద పద్దెనిమిదేళ్ల పిల్లవాడి ఉపన్యాసం వినడానికి బారులు తీరి కూర్చునే ఊరు ఏదీ లేదు.

మన దేశంలో యూజీసీ 2022 మార్గదర్శకాల్లో సామాజిక బాధ్యత, సమాజంతో అనుసంధానం అన్న అంశానికి రెండు క్రెడిట్ల కోర్సు సూచించింది, అందులో సగం తరగతి, సగం క్షేత్రం. 2014లో మొదలైన ఉన్నత్ భారత్ అభియాన్ కింద ఉన్నత విద్యాసంస్థలు ఊళ్లను దత్తత తీసుకుంటాయి. వీటితో పోలిస్తే ఆంధ్రప్రదేశ్ నాలుగు క్రెడిట్ల ప్రాజెక్టు గంటల్లో పెద్దది, కానీ తరగతి పాఠం భాగం దాదాపు లేదు. ఊళ్లోకి వెళ్లే ముందు ఒక వారమైనా ప్రశ్న ఎలా అడగాలో నేర్పాలి. ఈ లోటు ఎనిమిది వారాలూ వెంటాడుతుంది.

డెల్టాలోనే క్రెడిట్లతో పని లేని సేవ ఒకటి సాగుతోంది. దివిసీమ ముఖద్వారం చల్లపల్లిలో 2014 నవంబరు నుంచి కార్యకర్తలు రోజూ తెల్లవారకముందే లేచి రోడ్లు ఊడుస్తారు, మొక్కలు నాటుతారు, శ్మశానాలు బాగుచేస్తారు. స్వచ్ఛ చల్లపల్లి అంటే జిల్లా అంతా ఎరుగును. అక్కడ లాగ్‌బుక్ లేదు, సంతకం పెట్టే మెంటర్ లేడు. సీఎస్‌పీ జట్టు ఒకటి ఆ పనిలో చేరితే చీపురు పట్టడం కంటే, ఇన్నేళ్లు జనం ఎందుకు వస్తున్నారు, ఏ వీధి వాళ్లు రావడం లేదు అని అడిగితే నాలుగు క్రెడిట్లకు న్యాయం జరుగుతుంది.

నిష్క్రమణ నివేదిక

తప్పనిసరి సేవ సేవేనా అన్న ప్రశ్న ప్రతి సభలోనూ వినిపిస్తుంది. తప్పనిసరి అయ్యాకే ఇంటర్నెట్ సెంటర్లో రెడీమేడ్ రిపోర్టు కొనుక్కునే వాళ్లు తయారయ్యారన్న ఆరోపణా వినిపిస్తుంది. మెంటర్ ఒక్కరు, విద్యార్థులు తలో ఊళ్లో. సంతకం పెట్టే చెయ్యి ఆ ఊరు చూసిందా లేదా అన్నది లాగ్‌బుక్ చెప్పదు. రిపోర్టు నిజంగా ఊరిదేనా అని తేల్చడానికి మౌఖిక పరీక్షలో ఒక్క ప్రశ్న చాలు: మీ ఊరి మంచినీటి చెరువు ఈ వేసవి ఏ వారంలో నింపారు? తిరిగినవాడికి తెలుస్తుంది.

ఈ ప్రాజెక్టు మార్గదర్శకాల్లో నాకు బాగా నచ్చిన నియమం చివరిదే. ఆఖరి వారంలో రాసే నిష్క్రమణ నివేదిక ప్రతి ఒకటి స్థానిక పాలనా యంత్రాంగానికి ఇవ్వాలి, వచ్చే ఏడు అదే ఊరికి వచ్చే జట్టుకు ఆ నివేదికే పునాది కావాలి. ఇది పాటిస్తే ఎనిమిది వారాల పని ఒక్క వేసవితో ఆగదు. మొదటి జట్టు వేటనిషేధ కాలంలో పాలెం ఆదాయం రాస్తే, రెండో జట్టు అప్పులు రాయొచ్చు. ఒక ఏడు చెరువు లోతు కొలిస్తే, మరుసటి ఏడు పూడిక తీశారో లేదో చూడొచ్చు. అయిదేళ్ల వరసలో ఒక ఊరి కౌలు రేటు, ఎకరాకు ఎన్ని బస్తాలు అని, విద్యార్థులే రాసి ఉంచితే ఏ ప్రభుత్వ పట్టికలోనూ లేని లెక్క అది. స్లేటర్ విద్యార్థుల నోట్లు ఇరవై ఏళ్ల తర్వాత తిరిగి చదివించుకున్నాయి.

అందుకు కావాల్సినవి చిన్నవే. నివేదికలు కాలేజీ లైబ్రరీలో ఊరి పేరు వారీగా ఒక బీరువాలో ఉండాలి. ఏ ఇల్లు ఏ నంబరో చెప్పే కాగితం మాత్రం వేరుగా తాళంలో ఉండాలి. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చిన ప్రతికి అందినట్టు ముద్ర వేయించుకోవాలి. కొత్త జట్టు ఊరికి బయల్దేరే ముందు పాత నివేదిక చదివి, అందులో తప్పుగా తోచిన మూడు విషయాలు రాసుకుని వెళ్లాలి.